స్టాంపు పేపరు మీద దత్తత రాయించుకోవద్దు. ఆ పిల్లను మీ దగ్గర ఉంచుకోవడానికి ఫోస్టర్ కేర్ ఉంది

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. నరసాపురం దగ్గర మీ ఊరు. మీకు 38, మీవారికి 43. అబ్బాయి ఇంటర్, హాస్టల్లో ఉన్నాడు. అమ్మాయి ఎనిమిదో తరగతి. మీ రొయ్యల చెరువు మీద కాపలా ఉన్న ముసలావిడ నాలుగు నెలల కిందట సొంతూరు వెళ్లి అక్కడే పోయింది. ఆ ఊరు వశిష్ఠ గోదావరి పాయ అవతల, సఖినేటిపల్లి వైపు. ఆవిడ మనవరాలు, తొమ్మిదేళ్ల పిల్ల, అప్పటినుంచి మీ ఇంట్లోనే తింటోంది, మీ ఊరి బడికే వెళ్తోంది. తల్లి మూడేళ్లుగా కువైట్‌లో ఉంది, ఐదు నెలలుగా ఫోన్ లేదు. తండ్రి ఎప్పుడో వదిలేసి పోయాడు. హైదరాబాద్‌లో ఉండే మేనమామ "వంద రూపాయల స్టాంపు పేపరు మీద దత్తత రాసిచ్చేస్తా, మీరే పెంచుకోండి" అంటున్నాడు. రాయించుకోవచ్చా, ఫోస్టర్ కేర్ అంటే ఏంటి, ఎవర్ని కలవాలి, ప్రభుత్వం డబ్బులేమన్నా ఇస్తుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ స్టాంపు పేపరు రాయించుకోవద్దు. మీ జిల్లా బాలల సంక్షేమ కమిటీకి (అందరూ సీడబ్ల్యూసీ అంటారు) ఈ వారంలోనే మీరే వెళ్లి విషయం చెప్పండి. పిల్లను మీ దగ్గర ఉంచుకోవాలనుందని రాతపూర్వకంగా అడగండి. ఫోస్టర్ కేర్‌కు వయసు ప్రకారం మీ ఇద్దరూ సరిపోతారు. కమిటీ అనుమతిస్తే నెలకు 4,000 రూపాయల వరకు సాయం కూడా ఉంది. అయితే ఈ పిల్లే మీకు వస్తుందని ఎవరూ మాటివ్వలేరు. వచ్చినా, ఆమె మీ కూతురు అయిపోదు. తల్లి తిరిగొచ్చి, పెంచగలదని కమిటీ అనుకుంటే పంపించేయాలి. ఈ ముక్క మీవారితో, మీ అమ్మాయితో కూర్చుని మాట్లాడుకున్నాకే మిగతాది చదవండి.

స్టాంపు పేపరు ఎందుకు పనికిరాదంటే. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం బిడ్డను దత్తత ఇచ్చే హక్కు తల్లిదండ్రులది. వాళ్లు చనిపోయినా, బిడ్డను పూర్తిగా వదిలేసినా, అప్పుడు కూడా సంరక్షకుడు కోర్టు అనుమతి తీసుకునే ఇవ్వాలి. మేనమామ అన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. ఈ పిల్ల తల్లి బతికే ఉంది. ఆమెకు తెలియకుండా ఎవరు ఏం రాసినా అది కాగితమే. పైగా అదే చట్టంలో 11వ సెక్షన్ ఉంది: కూతురున్నవాళ్లు ఆ చట్టం కింద ఇంకో కూతుర్ని దత్తత తీసుకోలేరు. మీకు ఎనిమిదో తరగతి అమ్మాయి ఉంది కాబట్టి తల్లే వచ్చి ఇచ్చినా ఆ దారిలో చెల్లదు.

చెల్లకపోవడంతో అయిపోదు. అనాథ పిల్లల్ని గానీ, వదిలేసిన పిల్లల్ని గానీ పద్ధతి తప్పించి దత్తత ఇచ్చినా, తీసుకున్నా 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 80వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మధ్యలో డబ్బు చేతులు మారితే అది 81వ సెక్షన్, పిల్లల అమ్మకం కిందకు వస్తుంది. 5 ఏళ్ల వరకు కఠిన జైలు. మేనమామ "దారి ఖర్చులకు ఓ పదివేలు" అన్నాడనుకోండి, మీరు జాలిపడి ఇచ్చిన డబ్బు రేపు కొనుగోలు సొమ్ములా కనబడుతుంది. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇక ఫోస్టర్ కేర్ సంగతి. దీనికి పెంపకం అనే మాట వాడితే మనవాళ్లు దత్తత అనుకుంటారు, అందుకే ఆఫీసుల్లో కూడా ఇంగ్లిష్ మాటే నడుస్తోంది. కన్నవాళ్లు చూసుకోలేని స్థితిలో ఉన్న పిల్లను, పిల్లల హోమ్‌లో పెట్టకుండా, ఒక కుటుంబంలో కమిటీ ఆర్డరుతో ఉంచడం ఇది. అదే జువెనైల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షన్. ఏడాది లోపు అయితే స్వల్పకాలం, ఏడాది దాటితే దీర్ఘకాలం. అవసరాన్ని బట్టి 18 ఏళ్లు నిండేదాకా పొడిగిస్తూ పోవచ్చు. ఇంటిపేరు మారదు, బడి రికార్డుల్లో తల్లిదండ్రుల పేర్లు మారవు. మీ ఆస్తిలో ఆమెకు వాటా రాదు, ఆమె అమ్మమ్మ ఇంటి స్థలం మీకు రాదు. మీది చదువు, తిండి, ఆరోగ్యం, భద్రత చూసే బాధ్యత.

కేంద్రం 2024లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో పిల్ల వయసు 6 దాటి ఉండాలి. దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం, ఇద్దరి వయసూ కలిపి కనీసం 70 ఉండాలి. మీది 81. పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు కూడా ఒంటరిగా తీసుకోవచ్చు, వయసు 35 నిండి ఉండాలి. ఒంటరి మహిళకు ఆడపిల్లనైనా మగపిల్లాణ్నైనా ఇస్తారు, ఒంటరి మగవాడికి మగపిల్లాణ్ని మాత్రమే. ఇది మీకు అక్కర్లేదు గానీ, చదివే వాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి. మీది పశ్చిమ గోదావరి జిల్లా, కాబట్టి భీమవరం. పిల్ల సొంతూరు కోనసీమ, అంటే అమలాపురం. ఈ తికమకలో చాలామంది అటూ ఇటూ తిరిగి విసిగిపోతారు. పిల్ల ఇప్పుడు ఎక్కడుందో ఆ జిల్లా కమిటీకే ముందు చెప్పండి. విచారణలో అవసరమనిపిస్తే కేసును అవతలి జిల్లాకు బదిలీ చేసేదీ, అక్కడి నుంచి రిపోర్టు తెప్పించుకునేదీ కమిటీయే. మీరు పంటు ఎక్కి గోదావరి దాటి తిరగక్కర్లేదు.

జిల్లా బాలల పరిరక్షణ విభాగం అనే ఆఫీసు మహిళా శిశు సంక్షేమ శాఖ కింద ఉంటుంది. అక్కడి పెద్ద డీసీపీఓ (జిల్లా బాలల పరిరక్షణ అధికారి). మీకు కావలసిన మనిషి మాత్రం అక్కడే ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్. ఆ పోస్టులు రెండుంటాయి: ఒకరు హోమ్‌లు చూస్తారు, ఇంకొకరు నాన్ ఇన్‌స్టిట్యూషనల్ కేర్, అంటే హోమ్ బయట కుటుంబాల్లో ఉండే పిల్లల సంగతి చూస్తారు. రెండో ఆయన్ని, లేదా ఆవిడని అడగండి. కమిటీ నెలలో కనీసం 20 రోజులు కూర్చోవాలని చట్టం. ఏ రోజు, ఎక్కడ అన్నది ఆ ఆఫీసులోనే చెప్తారు. వెళ్లడం కుదరకపోతే 1098కి ఫోన్ చేసినా, అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కో సచివాలయంలో మహిళా పోలీసుకో చెప్పినా కబురు అక్కడికే చేరుతుంది.

మీ భయం నాకు తెలుసు: "నాలుగు నెలలు చెప్పకుండా ఉంచుకున్నాం, మామీదే కేసు పెడతారేమో." అయినవాళ్లు లేకుండా కనబడిన పిల్ల గురించి 24 గంటల్లో చెప్పాలని 32వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా 10 వేల జరిమానా అని 34 అంటుంది. దాన్ని దాచి లాభం లేదు. తిండిపెట్టి బడికి పంపినవాళ్లు తమంతట తామే వచ్చి చెప్పుకున్నప్పుడు కమిటీ చూసే చూపు వేరు. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే పోలీసులు తీసుకొచ్చినప్పుడు చూసే చూపు వేరు. రోజు గడిచినకొద్దీ మొదటిది రెండోదిగా మారుతుంది.

అర్జీ తెల్లకాగితం మీద, పేజీ దాటకుండా రాయండి. పిల్ల పేరు, వయసు, ఏ తేదీ నుంచి మీ దగ్గరుంది, ఎలా వచ్చింది, అమ్మమ్మ ఎప్పుడు పోయింది, తల్లి గురించి తెలిసిందంతా, మేనమామ ఫోన్ నంబరు, ఏ బడి ఏ తరగతి. చివర్లో రెండు వాక్యాలు వేరువేరుగా అడగండి. ఒకటి, విచారణ జరిగినన్నాళ్లు పిల్లను మా దగ్గరే ఉంచడానికి మమ్మల్ని ఫిట్ పర్సన్‌గా గుర్తించమని. రెండు, విచారణ తర్వాత ఫోస్టర్ కుటుంబంగా పరిశీలించమని. ఈ మొదటి వాక్యం రాయాలని చాలామందికి తెలియదు. 52వ సెక్షన్ కింద కమిటీ తగిన మనిషిని గుర్తించి పిల్లను తాత్కాలికంగా అప్పగించవచ్చు. ఇది అడగకపోతే విచారణ పూర్తయ్యేదాకా పిల్లను బాలసదన్‌కు (ప్రభుత్వ పిల్లల హోమ్‌కు) పంపడమే కమిటీకి కనబడే తేలిక దారి.

అడిగినా పంపొచ్చు. ఆ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే పిల్ల ఏడుస్తుంటే వ్యాన్ ఎక్కించిన రోజున పెద్దవాళ్లు కమిటీ హాల్లోనే అరుపులకు దిగుతారు. అది రికార్డులోకి ఎక్కుతుంది, తర్వాత హోమ్ స్టడీలో (మీ ఇంటికొచ్చి చేసే పరిశీలనలో) మీకే అడ్డం. పంపితే పంపనీయండి. పిల్లకు ముందే చెప్పి, ఆమె బట్టలు, పుస్తకాలు, అమ్మమ్మ ఫొటో ఒక సంచిలో సర్దివ్వండి. కలవడానికి ఎప్పుడు రావచ్చో కమిటీనే అడిగి, ఆ రోజున తప్పకుండా వెళ్లండి.

సామాజిక విచారణ 15 రోజుల్లో, తుది ఆర్డరు నాలుగు నెలల్లో అని చట్టం గడువు పెట్టింది. ఈలోగా మేనమామను తప్పకుండా పిలుస్తారు. ఎవరిని పిలిచినా మొదటి ప్రశ్న "అయినవాళ్లు ఎవరైనా చూసుకుంటారా" అనే. ఆయన ముందుకొస్తే మీరు పక్కకు తప్పుకోవాలి. అప్పుడు స్పాన్సర్‌షిప్ కింద పిల్లకు నెలకు 4,000 వచ్చే అవకాశం ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదు. ఆయన చూసుకోలేనంటే ఆ మాట కమిటీ ముందు ఆయనే చెప్పాలి. మీరు ముందే రాయించి పట్టుకెళ్తే ఒత్తిడి చేసి రాయించారన్న అనుమానం వస్తుంది. పిల్లనూ విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. ఏం చెప్పాలో నేర్పించకండి. నేర్పిన మాట తొమ్మిదేళ్ల పిల్ల నోట్లో ఎలా ఉంటుందో, రోజూ పిల్లలతో మాట్లాడే వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

కమిటీ విచారణతో పాటు కారా (దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లో ఫోస్టర్ కేర్ దరఖాస్తు కూడా పెట్టాలి. 2024 నుంచి ఇది ఆన్‌లైన్ అయింది. ఇద్దరి ఆధార్, పాన్, పెళ్లి సర్టిఫికెట్, ఆదాయం, చిరునామా రుజువులు, ఫొటోలు, డాక్టరు సర్టిఫికెట్ స్కాన్ చేసి పెట్టుకోండి. మన పల్లెల్లో ఆగిపోయేది పెళ్లి సర్టిఫికెట్ దగ్గరే. గుళ్లో పెళ్లయి రిజిస్టర్ కానివాళ్లు ముందు ఆ పని చేయించుకోండి. వైద్య పరీక్షలు మీ ఇద్దరికే కాదు, ఇంట్లో ఉండేవాళ్లందరికీ. టీబీ, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ కూడా అందులో ఉంటాయి. మీ అత్తగారు మీ దగ్గరే ఉంటే ఆవిడకూ చేయించాలి. ఆవిడ కసురుకుంటారేమో, ముందే చెప్పి ఒప్పించుకోండి.

హోమ్ స్టడీకి వచ్చినవాళ్లు మీ ఇల్లు డాబానా పెంకుటిల్లా అని చూడరు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ ఉందా, బడి ఎంత దూరం, ఇంటికి మగవాళ్లు ఎవరెవరు వచ్చిపోతుంటారు, తాగుడు ఉందా, ఊళ్లో మీ గురించి ఏమనుకుంటున్నారు, ఇవి చూస్తారు. ఇరుగుపొరుగును విడిగా అడుగుతారు. మన ప్రాంతంలో వీటికి తోడు కొన్ని ఉంటాయి. ఇంటి వెనక కాలవ రేవు మెట్లకు అడ్డం ఉందా. నూతికి గోడ, పైన ఇనుప జల్లెడ ఉన్నాయా. చెరువు గట్టు మీద ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) కరెంటు తీగలు చేతికందే ఎత్తులో వేలాడుతున్నాయా. మందులు, బ్లీచింగ్, మేత బస్తాలున్న షెడ్డుకు తాళం వేస్తారా. ఇవన్నీ వారంలో చేయించుకునే పనులే. అడక్కముందే చేయించి ఉంచితే మీరు ఏ మనుషులో రిపోర్టులో కనబడుతుంది.

చెరువు మీ చేతిలో ఉంది కాబట్టి ఇంకో సంగతి తప్పకుండా తవ్వుతారు: అమ్మమ్మతో ఉన్నప్పుడు ఈ పిల్ల చేత పని చేయించారా? మేత చల్లిందా, పట్టుబడి రోజున రొయ్యల తలలు తీయడానికి కూర్చోబెట్టారా? చేయించి ఉంటే ఒప్పుకోండి, ఇకమీదట గట్టు మీదకే వెళ్లదని చెప్పండి, అలాగే చేయండి. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. ఇంట్లో పనికి నేను చెప్పే కొలత ఒకటే: తొమ్మిదేళ్లప్పుడు మీ అమ్మాయి ఏ పని చేసేదో ఈ పిల్లా అంతే చేయాలి. మీ అమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఈ పిల్ల అంట్లగిన్నెల ముందు కూర్చుని ఉంటే, వచ్చిన సోషల్ వర్కర్‌కు ఇంకేం అడగక్కర్లేదు.

అంతా బాగుంటే కమిటీ ఫారం 32లో ఆర్డరు ఇస్తుంది, మీరు ఫారం 33లో హామీపత్రం మీద సంతకం పెడతారు. సంతకం పెట్టేముందు చదవండి. పిల్లను అడిగినప్పుడు హాజరుపరుస్తామని, తిరిగి అప్పగించమంటే అప్పగిస్తామని అందులో రాసి ఉంటుంది. ఆర్డరు నాలుగు జిరాక్సులు తీసుకోండి: బడికి ఒకటి, బ్యాంకుకు ఒకటి, పీహెచ్‌సీకి ఒకటి, ఇంట్లో పాలిథిన్ కవర్లో ఒకటి. లంకల్లో ఉండేవాళ్లకు ఆ కవరు మాట ఇంకా ముఖ్యం. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకు రెండో ప్రమాద హెచ్చరిక వచ్చి పునరావాస కేంద్రానికో చుట్టాలింటికో కదలాల్సి వస్తే, పిల్ల ఎక్కడుందో ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు ఆ రోజే మెసేజ్ పెట్టాలి. నెలనెలా తనిఖీకి వచ్చినవాళ్లు తాళం వేసిన ఇల్లు చూసి వెళ్తే లేనిపోని అనుమానం.

డబ్బు గురించి. మిషన్ వాత్సల్య అనే పథకం కింద నెలకు 4,000 అని చెప్పాను. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో ఇచ్చే సొమ్ము అది. ఒకటో తారీఖు జీతంలా పడుతుందనుకోకండి. నెలలు ఆగి ఒకేసారి పడటం మామూలే. అది రాకపోయినా పిల్ల ఖర్చు భరించగలరా అన్నది లెక్కవేసుకుని దిగండి. ఒక నోటుబుక్కు పెట్టి ఫీజు, బట్టలు, మందులు తేదీలతో రాయండి, బిల్లులు అందులోనే పిన్ను చేయండి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు "పిల్ల డబ్బులు తింటున్నారు" అంటారు. మన ఊళ్లల్లో ఆ మాట పుట్టకుండా ఉండదు. దానికి జవాబు ఆ నోటుబుక్కే.

ఇంట్లో మొదటి మూడు నెలలు ఎలా ఉంటాయో కాస్త వివరంగా చెప్తాను, కాగితాల కంటే ఇక్కడే ఎక్కువమంది చేతులెత్తేస్తారు.

తిండి దాచుకోవడం కనబడుతుంది. దిండు గలీబులో బిస్కెట్లు, స్కూలు సంచి అడుగున చీమలు పట్టిన బెల్లం ముక్క. దొంగతనం అనకండి. ఒక పూట ఉండి ఒక పూట లేని ఇంట్లో పెరిగిన ఒళ్లు అలా నేర్చుకుంటుంది. మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి ఆమెకు అందే అల్మారాలో పెట్టి, "ఇది నీది, అడక్కుండా తినొచ్చు" అని చెప్పండి. మరమరాల ఉండలో, వేరుశనగ చిక్కీయో, అరటిపండో వేస్తూ ఉండండి. ఎంత తిన్నావని లెక్క అడగొద్దు. డబ్బా ఎప్పుడూ నిండే ఉంటుందన్న నమ్మకం కుదిరాక దాచడం దానంతటదే తగ్గుతుంది. డబ్బా రెండురోజులు ఖాళీగా ఉంచారంటే మళ్లీ మొదటికొస్తుంది.

పక్క తడపడం ఇంకొకటి. పరుపు మీద రబ్బరు షీటు వేయండి, సాయంత్రం ఏడున్నర తర్వాత నీళ్లు, పాలు తగ్గించండి, పడుకునేముందు బాత్రూంకు పంపండి. దుప్పటి వీధి గుమ్మం ముందు ఆరేయకండి. తొమ్మిదేళ్ల పిల్లకు అది ఊరంతా చాటింపు వేసినట్టే. మంట, జ్వరం ఉంటే మూత్ర పరీక్ష చేయించండి. నిద్ర పట్టకపోవడమూ ఉంటుంది. చెరువు గట్టు మీద ఏరేటర్ల మోతలో నిద్రపోయిన పిల్లకు మీ గదిలో నిశ్శబ్దమే భయం. సన్నటి లైటు, మోత చేసే పాత ఫ్యాను చాలాసార్లు పనిచేస్తాయి.

మిమ్మల్ని ఏమని పిలవాలో ఆమెకే వదిలేయండి. అత్తా అనొచ్చు, పిన్నీ అనొచ్చు. "అమ్మా అను" అని మాత్రం అడక్కండి. ఆమెకు అమ్మ ఉంది, ఆ అమ్మ ఫోన్ చేయడం లేదన్న బాధ కూడా ఉంది. మీరు ఆ పిలుపు అడిగినకొద్దీ ఆమె ఎవరి పక్షమో తేల్చుకోవాల్సిన ఇరకాటంలో పడుతుంది. ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడికి వెంటనే మార్చాలన్న ఉత్సాహమూ ఆపుకోండి. ఇల్లు పోయింది, అమ్మమ్మ పోయింది, ఇప్పుడు టీచరు, స్నేహితురాళ్లు కూడా పోతే ఆ పిల్లకు తెలిసినదంటూ ఏమీ మిగలదు. కనీసం ఈ విద్యా సంవత్సరం ఉన్న బడిలోనే ఉండనివ్వండి. అవతలి ఊరి నుంచి టీసీ రాలేదని బడిలో గొణిగితే, టీసీ లేదన్న కారణంతో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టానికి విరుద్ధమని మర్యాదగా గుర్తుచేయండి.

మీ అమ్మాయిని ఇక్కడ మరచిపోకూడదు. ఇలా ఉంచుకున్న పిల్లలు మళ్లీ హోమ్‌కు వెళ్లాల్సి వచ్చే కారణాల్లో, సొంత పిల్లలకు ముందు చెప్పకపోవడం పెద్దది. ఆమె మంచం, ఆమె అర, ఆమె ఫోన్ ఆమెవే. "అన్నీ పంచుకోవాలి" అని నీతులు చెప్పకండి. కొత్త పిల్లకు వేరే అర, వేరే దుప్పటి ఇవ్వండి. సంక్రాంతికి ఇద్దరికీ ఒకే ధరలో బట్టలు కొనండి. పండక్కి చుట్టాలంతా దిగి "ఎవరి పిల్ల? ఏమిటోళ్లు?" అని అడుగుతారు, అడక్కుండా ఉండరు. ఇంటిల్లిపాదీ ఒకే మాట అనుకోండి: "మా దగ్గరుండి చదువుకుంటోంది." అంతకంటే ఎక్కువ ఎవరికీ చెప్పక్కర్లేదు, చెప్పకూడదు కూడా. ఇలాంటి పిల్లల పేరు, ఫొటో, వివరాలు బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్‌లో "మా ఇంటికొచ్చిన కొత్త మహాలక్ష్మి" అని పెట్టడం, పుట్టినరోజు ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టడం ఇవేవీ వద్దు. తల్లిని వెతకడానికి కువైట్ తెలుగువాళ్ల గ్రూపుల్లో పిల్ల ఫొటో తిప్పడమూ వద్దు.

తల్లి సంగతి. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మన కోనసీమ, పశ్చిమ ఆడవాళ్లు నెలల తరబడి మాట్లాడకపోతే పిల్లను వదిలేసిందని తేల్చేయకండి. యజమాని ఫోన్ లాక్కుని ఉండొచ్చు, ఇల్లు మారి ఉండొచ్చు, అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) గడువు అయిపోయి దాక్కుని ఉండొచ్చు. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో వెతకండి: పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం, పంపించిన ఏజెంటు నంబరు, డబ్బు పంపిన రసీదులు. ఆవిడ పాత ఫోన్ పారేయకండి, సిమ్‌కు రీఛార్జి చేయిస్తూ ఉండండి. తల్లి మొదట చేసేది ఆ నంబరుకే. దొరికినవన్నీ కమిటీకి ఇవ్వండి. భారత రాయబార కార్యాలయం ద్వారా, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్నార్టీ సొసైటీ ద్వారా వాకబు చేయించే దారులున్నాయి.

ఆమె ఫోన్ చేస్తే పిల్లతో మాట్లాడించండి, తేదీ నోటుబుక్కులో రాయండి, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు చెప్పండి. డబ్బు పంపమని మీరు అడక్కండి. ఆమే పంపుతానంటే పిల్ల పేరున ఉన్న ఖాతా నంబరు ఇవ్వండి. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడితే లోపలికి పిలిచి కాఫీ ఇవ్వండి గానీ, పిల్లను ఆర్డరు లేకుండా పంపకండి. తండ్రి తాగొచ్చి గొడవ చేసినా అంతే. వాదన వద్దు, 112కు ఫోన్, తర్వాత ఆఫీసర్‌కు ఫోన్. తల్లికి అప్పగించమని కమిటీ అన్నప్పుడు ఒక్కసారిగా కాకుండా ముందు ఫోన్లు, తర్వాత పగటిపూట కలవడం, తర్వాత శని ఆదివారాలు అలా పంపేలా అడగండి. ఆమె బట్టలు, సైకిలు, పుస్తకాలు అన్నీ వెంట వెళ్లాలి. మీరు కొన్నవే అయినా సరే.

తల్లి దొరకనే లేదు, లేదా పెంచలేనని కమిటీ ముందు వదులుకుంది అనుకుందాం. కమిటీ పిల్లను దత్తతకు యోగ్యురాలిగా ప్రకటిస్తే, మీ దగ్గర రెండేళ్లు నిండాక దత్తత తీసుకునే వీలుంది. ఇంతకుముందు ఇది ఐదేళ్లు ఉండేది. ఆ దారి జువెనైల్ జస్టిస్ చట్టం కింద కాబట్టి మీకు కూతురుందన్న అడ్డు ఉండదు. కానీ ఆ ఆశతోనే మొదలుపెడితే, తల్లి ఫోన్ వచ్చిన ప్రతిసారీ మీ మొహం పిల్లకు కనబడుతుంది.

చిన్నచిన్నవి కొన్ని. రాష్ట్రం దాటి తిరుపతి మీదుగా అరుణాచలం వెళ్లాలన్నా ముందు రాసి చెప్పండి. ఆపరేషన్ లాంటిది అవసరమైతే డీసీపీఓకు చెప్పాకే సంతకం, ప్రాణం మీదకొస్తే ముందు వైద్యం తర్వాత ఫోన్. పదేళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా ఉంటుంది, వేయించండి. ఆధార్‌లో ఐదేళ్లప్పటి వేలిముద్రల అప్‌డేట్ అయిందో లేదో చూడండి, ఇలాంటి పిల్లలకు చాలామందికి కాదు, అప్పుడు బ్యాంకు ఖాతా దగ్గర ఆగిపోతుంది. చేయి చేసుకోవడం మాత్రం ఏ కారణానికైనా వద్దు.

కమిటీ దగ్గరకు వెళ్లేటప్పుడు పిల్ల ఆధార్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్‌లు, మేనమామ నంబరు, అర్జీ రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకదాని మీద అందినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి. అమ్మమ్మ మరణ ధ్రువపత్రం ఉంటే అదీ కావాలి. ఆవిడ పోయింది సొంతూళ్లో కాబట్టి అది అక్కడి పంచాయతీలోనే రావాలి. 21 రోజుల్లో నమోదు చేయించి ఉంటే చిక్కులేదు. ఎవరూ చేయించకపోతే నాలుగు నెలలు దాటింది గనుక స్వీయ ధ్రువీకరణ పత్రం, పై అధికారి అనుమతి కావాలి. దానికోసం ఆగి కమిటీ దగ్గరకు వెళ్లడం మానొద్దు. "నమోదు కాలేదు, చేయిస్తున్నాం" అని అర్జీలో ఒక వాక్యం రాసి, ముందు భీమవరం బస్సెక్కండి.